పట్టూ విడుపూ

దేహమనే ఆలయం – ఈ నెల: కండరాలు

ఈ శీర్షికలో కిందటిసారి ఎముకల గురించి తలపోశాం. ఎముక ఎంత గట్టిదైనా తనంతట తాను అంగుళం కూడా కదలదు. దానిని కదిలించేది కండరం. ఈ నెల ఆ కండరాల సంగతి చెప్పుకుందాం. అయితే ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. అది దాచిపెట్టి మీకు ఆరోగ్య సూత్రాలు చెప్పడం న్యాయం కాదు.

మా ఊరు రావికమతం. చోడవరం ప్రాంతమంటే చెరకు, చెరకంటే బెల్లం. మా అమ్మ చిన్ననాటి నుండి చెరకు తోటల్లో పనిచేసిన మనిషి. గడ నరికి, ఆకు దూసి, మోపు కట్టి, ఆ మోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీదుగా నడిచి బండి దాకా చేర్చేది. డెబ్బై దాటిన తరువాత కూడా ఆదివారం ఆరాధనకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చేది. అటువంటి మనిషికి ఒక వర్షాకాలంలో జ్వరం తగిలింది. పది రోజులకు జ్వరం తగ్గింది. అయినా మేము ఆమెను మంచం దిగనివ్వలేదు. “జీవితమంతా కష్టపడ్డావు, ఇకనైనా విశ్రాంతి తీసుకో” అన్నాం. అన్నం మంచం దగ్గరికే, మంచినీళ్లు మంచం దగ్గరికే. దొడ్లోకి వెళ్లవలసి వస్తే ఇద్దరం చెరో భుజం పట్టి మోసుకుపోయేవాళ్లం. సంఘంలో అందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా.

నెల గడిచాక ఒక ఉదయం అమ్మ తానే లేవబోయి మంచం పక్కన కూలబడింది. దెబ్బ తగలలేదు గానీ, ఆమె ముఖంలో అంతకు ముందెన్నడూ చూడని భయం చూశాం. “జ్వరం పోయింది గానీ, పోతా పోతా నా కాళ్లు పట్టుకుపోయిందిరా” అంది. పిక్కలు తడిమి చూస్తే చర్మం వదులుగా చేతికొచ్చింది. చూడవచ్చిన వైద్యుడు ఆమెను పరీక్షించి, మా వైపు తిరిగి, “జ్వరం తీసుకుపోలేదండీ, మంచం తీసుకుపోయింది” అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా కాలం వెంటాడింది. ప్రేమతో పెట్టిన విశ్రాంతి మనిషిని ఎలా నడవలేకుండా చేస్తుంది? కండరం అంటే ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే తప్ప ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

చెరకు మోపు వంటి కట్టడం

మన దేహంలో మూడు రకాల కండరాలున్నాయి. గుండె కండరం ఒకటి. పేగులు, రక్తనాళాల గోడలలో మనకు తెలియకుండా పనిచేసేవి రెండవ రకం. ఎముకలను అంటిపెట్టుకుని, మన ఇష్టాన్ని బట్టి కదిలేవి మూడవ రకం. ఈ ఎముకల కండరాలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. పెద్దవాడైన పురుషుని బరువులో ఐదింట రెండు వంతులు, స్త్రీలలో అంతకు కొంచెం తక్కువ, ఇవే ఉంటాయి. పిరుదులలోనిది అన్నిటికంటె పెద్దది. చెవి లోపల ఒక చిన్న ఎముకను పట్టి ఉండేది అన్నిటికంటె చిన్నది.

కండరానికి రెండు కొనలా తెల్లని గట్టి పట్టీలుంటాయి. వాటితోనే కండరం ఎముకకు అతుక్కుంటుంది. మన వాడుకలో వీటినీ నరాలనే అంటాం, మెదడు కబురు మోసేవాటినీ నరాలే అంటాం, రక్తం పారేవాటినీ నరాలే అంటాం. మడమ వెనుక తాడులా చేతికి తగిలేది ఈ పట్టీయే. యాకోబు కథలో తుంటినరమనీ, యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకల మీదికి వచ్చిన నరములనీ చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకుంటే మేలు. యెహెజ్కేలు చూసిన వరుస గమనించండి. ముందు ఎముక, తరువాత నరం, తరువాత మాంసం, పైన చర్మం. కసాయివాడు లోపలికి కోస్తూ పోతే కనిపించే వరుస దీనికి సరిగ్గా తలకిందులు.

ఇక కండరం లోపలికి వెళదాం. మా వైపు వారికి చెరకు మోపు ఉపమానం చాలు. మోపు విప్పితే గడలు కనిపించినట్టే, కండరం పైపొర తీస్తే లోపల పోగుల కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. ఆదివారం కోడికూరలో ఉడికిన ముక్క వేళ్లతో విడదీస్తే దారాలుగా వస్తుంది కదా, అవి ఈ కట్టలే. ఒక్కొక్క కట్టలో ఎన్నో సన్నని పోగులు. ఒక్కొక్క పోగు ఒకే ఒక జీవకణం. వెంట్రుకంత, చాలాసార్లు అంతకంటె సన్నం. అయినా పొడవు మాత్రం సెంటీమీటర్ల కొద్దీ ఉంటుంది.

ఆ పోగు లోపల ఇంకా సన్నని పోగులు వందలు, వేలు ఉన్నాయి. వీటిలో ఒకదానిని సూక్ష్మదర్శినిలో చూస్తే చెరకు గడ మీద కణుపుల వలె చారలు, చారలు కనిపిస్తాయి. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం మిల్లీమీటరులో సుమారు 400వ వంతు. అంటే పది సెంటీమీటర్ల పొడవున్న పోగులో అటువంటి కణుపులు ఒకదాని వెంట ఒకటి నలభై వేల దాకా ఉంటాయి. శాస్త్రజ్ఞులు ఒక్కొక్క కణుపు నిడివిని సార్కోమియర్ అంటారు. కండరం చేసే పని అంతా ఈ కణుపుల లోపలే జరుగుతుంది.

చేతులు జోడించి చూడండి

ఒక్కొక్క కణుపులో రెండు రకాల దారాలున్నాయి. సన్ననివి యాక్టిన్, లావువి మయోసిన్. రెండూ మాంసకృత్తులే. కండరం బిగిసినప్పుడు ఈ దారాలు రబ్బరులా కుంచించుకుపోతాయని ఒకప్పుడు అనుకునేవారు. అది నిజం కాదని 1954లో తేలింది. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్క్ మరొక జట్టుగా ఒకే సంవత్సరం ఈ సంగతి వెల్లడించారు. దారాలు పొట్టివి కావు. ఒకదాని మధ్యకు మరొకటి జారుతాయి, అంతే.

ఇంట్లో పిల్లలను పిలిచి ఇలా చేసి చూపించండి. రెండు చేతులనూ ఎదురెదురుగా పెట్టి, వేలికొనలు మాత్రం ఒకదాని మధ్య ఒకటి దూర్చండి. ఇప్పుడు ప్రార్థనకు జోడించినట్టు వేళ్లను లోపలిదాకా జరపండి. వేళ్లు పొట్టివయ్యాయా? కాలేదు. అయినా రెండు అరచేతులూ దగ్గరకు వచ్చాయి. కణుపు లోపల జరిగేది ఇదే. ఒక్కొక్క కణుపు తగ్గేది కంటికి ఆనదు. నలభై వేల కణుపులూ ఒక్కసారి కొద్దికొద్దిగా తగ్గితేనే చెయ్యి లేస్తుంది.

వేళ్లను లోపలికి జరిపేది ఎవరు? మయోసిన్ దారం పొడవునా చిన్న చిన్న తలలు బయటికి పొడుచుకుని ఉంటాయి. తల యాక్టిన్ దారాన్ని పట్టుకుంటుంది, తనవైపు లాగుతుంది, విడుస్తుంది, కొంచెం ముందు మళ్లీ పట్టుకుంటుంది. ఒక్క లాగుకు దారం కదిలేది మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. నూతిలో నీళ్లు తోడేవారిని చూడండి. ఒక చెయ్యి తాడు లాగుతుంటే రెండో చెయ్యి తాడు విడిచి ముందుకు పోయి పట్టు తీసుకుంటుంది. రెండు చేతులూ ఒకేసారి విడిస్తే చేద నూతిలో పడుతుంది. ఏ చెయ్యీ విడవకపోతే చేద ఉన్నచోటే ఉంటుంది. పట్టూ విడుపూ రెండూ ఉంటేనే నీళ్లు పైకి వస్తాయి.

తలుపు తీసే కబురు

“లెమ్ము” అన్న కబురు మెదడులో పుట్టి, వెన్నుపాము గుండా దిగి, నరం కొనకు చేరుతుంది. అక్కడ నరానికీ కండరానికీ మధ్య సన్నని సందు ఉంది. నరం ఆ సందులోకి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది తగలగానే పోగు ఒంటినిండా విద్యుత్తు పాకుతుంది. పోగు లోపల సంచులలో దాచి ఉన్న కాల్షియం బయటికి వస్తుంది.

మామూలు వేళలలో యాక్టిన్ దారం మీద తలలు పట్టుకునే చోట్లన్నిటికీ ఒక అడ్డు ఉంటుంది, తలుపుకు గడియ పెట్టినట్టు. కాల్షియం వచ్చి ఆ గడియ తీస్తుంది. తలలు పట్టుకుంటాయి, లాగుతాయి. కబురు ఆగిపోగానే కాల్షియాన్ని తిరిగి సంచులలోకి తోడి పోయవలసి ఉంటుంది. అప్పుడు గడియ మళ్లీ పడుతుంది, కండరం సడలుతుంది. ఎముకలకు బలమని మనం చోడి అంబలి తాగే కాల్షియం కండరంలో తలుపు తీసే పనివాడిగా కూడా ఉన్నదని ఎందరికి తెలుసు?

భీమవరం బిడ్డ కనిపెట్టిన ఇంధనం

ఇంత పనికి శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవారిలో మన తెలుగువాడు ముందు వరుసలో ఉన్నాడు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర పరిశోధనలో చేరారు.

కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టడం వల్లనే అది బిగుస్తుందని ఆ రోజులలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల నమ్మకం. కండరంలో పుట్టే వేడిని, ఆ ఆమ్లాన్ని గురించి పరిశోధించిన ఎ.వి. హిల్, ఓట్టో మేయర్‌హాఫ్ గార్లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925లో భాస్వరాన్ని కొలిచే ఒక పద్ధతి ప్రకటించారు. ద్రవం ఎంత నీలంగా మారితే అంత భాస్వరం ఉన్నట్టు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రమిస్తే మళ్లీ పెరుగుతుంది. 1929లో వారు ఏటీపీని కూడా కండరం నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దానిని కనుగొన్నాడు. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం బిగుసుకోగలదని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ 1930లో చూపడంతో పాత నమ్మకం కూలిపోయింది.

మయోసిన్ తల వాడుకునే ఇంధనం ఈ ఏటీపీయే. కండరంలో నిలవ ఉండే ఏటీపీ రెండు మూడు క్షణాల గట్టి పనికి మాత్రమే సరిపోతుంది. అది అయిపోతుంటే ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే ఆదుకుని మరికొన్ని క్షణాలు, మొత్తం మీద పది సెకన్ల వరకు, నడిపిస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది గదా. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. అంత బరువు తలపైకి లేపిన ఆ కొద్ది క్షణాలనూ నడిపిన ఇంధనాన్ని డెబ్బై ఏళ్ల ముందే ఒక తెలుగువాడు పరీక్షనాళికలో చూశాడు. పని ఇంకా సాగితే అన్నంలో, బెల్లంలో ఉన్న చక్కెర, ఆ తరువాత కొవ్వు, ప్రాణవాయువు కలిసి ఏటీపీని తయారుచేస్తూ ఉంటాయి. ఒక్క రోజులో మనం ఖర్చుచేసి తిరిగి చేసుకునే ఏటీపీ దాదాపు మన శరీర బరువంత ఉంటుంది. ఏ క్షణానికైనా నిలవ ఉండేది మాత్రం బహు స్వల్పం. నిర్గమకాండము 16వ అధ్యాయంలోని మన్నా మాకు జ్ఞాపకం వస్తుంది. ఏ పూటది ఆ పూటే. రేపటికని దాచుకోవడానికి వీలు లేదు.

సుబ్బారావుగారికి నోబెల్ రాలేదు. తరువాత ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించారు. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన డీఈసీ మందు ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. 53 ఏళ్ల వయసులో 1948లో కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

విడవడానికీ శక్తి కావాలి

ఇప్పుడు మమ్మల్ని అన్నిటికంటె ఆశ్చర్యపరచిన సంగతి. పట్టుకోవడానికి శక్తి కావాలి, విడవడానికి అక్కరలేదు అని మనం అనుకుంటాం. కండరంలో అలా కాదు. మయోసిన్ తల యాక్టిన్ దారాన్ని విడవాలంటే కొత్త ఏటీపీ ఒకటి వచ్చి దానికి తగలాలి. అది రానంతవరకు తల పట్టిన పట్టు విడవదు. కాల్షియాన్ని తిరిగి సంచులలోకి తోడడానికీ ఏటీపీయే ఖర్చవుతుంది.

దీనికి రుజువు మనమందరం చూసినదే. ఇంట్లో ఎవరైనా ప్రభువు నందు నిద్రిస్తే పెద్దవారు వెంటనే కళ్లు మూసి, దవడ కట్టి, కాళ్లూ చేతులూ చాపి ఉంచుతారు. ఆలస్యమైతే దేహం కట్టెలా బిగుసుకుపోతుందని వారికి తెలుసు. ఊపిరి ఆగాక కొత్త ఏటీపీ తయారు కాదు. తలలు పట్టినవి పట్టినట్టే ఉండిపోతాయి. ఒకటి రెండు రోజుల తరువాత ఆ దారాలే శిథిలమైతే గాని ఆ బిగువు పోదు. విడుపు లేని పట్టు బలం కాదు, మరణం.

బ్రతికి ఉండగా కూడా ఇటువంటి బిగువు రావచ్చు. అర్ధరాత్రి పిక్క పట్టేసినప్పుడు ప్రాణం పోయినట్టుంటుంది కదా. కండరం బిగిసి విడవకపోవడమే అది. కాలు చాపి, బొటనవేలిని మన వైపు మెల్లగా లాగితే చాలావరకు విడుస్తుంది. ఇంతకంటె ఘోరమైనది ధనుర్వాతం. చెరకు కత్తి తెగినప్పుడో, మేకు గుచ్చుకున్నప్పుడో మట్టిలోని క్రిమి గాయంలో చేరి విషం పుట్టిస్తుంది. కండరాలకు “సడలు” అని చెప్పే ఏర్పాటును ఆ విషం వెన్నుపాములోనే అడ్డుకుంటుంది. అప్పుడు దేహం విల్లులా వంగిపోతుంది, అందుకే ఆ పేరు. గర్భిణులకు సూదిమందులు, శుభ్రమైన కాన్పుల వల్ల పసికందులలో ఈ జబ్బు బాగా తగ్గిపోయింది. తల్లులలో, నవజాత శిశువులలో దీనిని నిర్మూలించిన దేశంగా 2015లో భారతదేశానికి గుర్తింపు వచ్చింది. అయినా క్రిమి మట్టిలోనే ఉంది. గాయమైతే సూది వేయించుకోవడం మానకండి.

లాగడమే తెలుసు, నెట్టడం తెలియదు

కండరానికి ఉన్న మరొక పరిమితి ఏమిటంటే, అది లాగగలదు గాని నెట్టలేదు. బండి నెడుతున్నాం కదా అంటారేమో. అప్పుడు కూడా దండచేయి వెనుక ఉన్న కండరం మోచేతి ఎముకను లాగి చెయ్యి చాపుతున్నది. ముందు వైపు కండరం చెయ్యి మడుస్తుంది, వెనుక వైపుది చాపుతుంది. ఒకటి లాగేటప్పుడు రెండవది సడలి దారి ఇవ్వాలి. ఇద్దరు మనుషులు చెరో కొనా పట్టి దూలం కోసే రంపం చూశారా? ఒకడు లాగుతుంటే రెండవవాడు చెయ్యి వదులుచేస్తాడు. ఇద్దరూ ఒకేసారి లాగితే రంపం నడవదు, దూలం తెగదు. భార్యాభర్తలున్న ఇంట్లోనూ, పెద్దలున్న సంఘంలోనూ ఈ రంపం సంగతి మనకు తెలియనిది కాదు. నాదే నెగ్గాలని ఇద్దరూ ఒకేసారి లాగిన రోజున ఏ పనీ తెగదు. 1 కొరింథీయులకు 12వ అధ్యాయం ఈసారి చదివేటప్పుడు అవయవాల మాటలు చదివి, ఒకసారి మోచెయ్యి మడిచి చాపి చూడండి.

నిర్గమకాండము 17లో మోషే కొండ మీద చేతులెత్తి నిలిచిన సంగతి కూడా కండరాల కథే. చెయ్యి కదలడం లేదు గనుక పని జరగడం లేదని చూసేవారికి అనిపిస్తుంది. లోపల మాత్రం లక్షలాది తలలు పట్టుతూ విడుస్తూ ఏటీపీని ఖర్చుచేస్తూనే ఉంటాయి. పైగా బిగిసి ఉన్న కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. మీరు రెండు చేతులూ చాపి నిలబడి చూడండి, కొద్ది నిమిషాలకే బరువెక్కుతాయి. మోషే విశ్వాసం తగ్గి చేతులు వాలలేదు. చేతులు దేవుడు చేసిన చేతులు గనుక వాలాయి. అహరోను, హూరు ఆయనను గద్దించలేదు. కూర్చోవడానికి రాయి వేశారు, చెరో పక్కా చేతులు పట్టుకున్నారు.

ఎక్కువైన విశ్రాంతి

ఇంతదాకా విడుపు విలువ చెప్పాం. ఇక మా పొరపాటుకు వద్దాం. పట్టు లేని విడుపు కూడా కండరానికి చేటే. మన దేహం పొదుపరి. వాడని కండకు తిండి పెట్టదు. కండరంలోని మాంసకృత్తు రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా కట్టబడుతుంది. పని లేకపోతే కట్టడం తగ్గుతుంది, కరగడం మాత్రం ఆగదు. వయసు మళ్లినవారిలో ఇది మరీ వేగం. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, ఏ జబ్బూ లేని 12 మంది వృద్ధులను 10 రోజులు మంచం మీద ఉంచితే వారి కాళ్ల నుండి సగటున కిలోకు దగ్గరగా కండ తరిగిపోయింది. మేము మా అమ్మను నెల రోజులకు పైగా ఉంచాం. పైగా ఆమె తిన్నది గంజి, చారన్నం. కండ కట్టడానికి కావలసిన పప్పు, గుడ్డు, చేప “అరగవేమో” అని మేమే పెట్టలేదు.

అయితే దేవుడు కండరానికి తిరిగి లేచే గుణం కూడా ఇచ్చాడు. అది ఎంత వయసుకైనా పోదు. 1990లో ప్రచురితమైన మరొక అమెరికా పరిశీలనలో, వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ల ప్రాయపు బలహీనుల చేత 8 వారాలు కాళ్లతో బరువులు లేపించారు. వారి కాళ్ల బలం సగటున రెండింతలకు మించి పెరిగింది.

వైద్యుని సలహా మీద మా అమ్మ చేత మేము మొదలుపెట్టించిన పని చాలా చిన్నది. ఎత్తు పీట మీద కూర్చుని, రెండు చేతులూ గోడకున్న కొయ్యపట్టీ మీద వేసి, లేచి నిలబడడం, మళ్లీ కూర్చోవడం. మొదటి రోజు రెండుసార్లు. అవి కూడా మేము నడుము పట్టుకుంటే. మరునాడు తొడలు నొప్పన్నది. చెరకు కొట్టుడు మొదలైన మరుసటి రోజు కూలీలందరికీ వచ్చే నొప్పే అది. లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఆ నొప్పి వస్తుందని చాలామంది అనుకుంటారు, కాదు. ఆ ఆమ్లం కొద్ది గంటలలోనే పోతుంది. అలవాటు లేని పనికి పోగులలో సూక్ష్మమైన చిరుగులు పడి, అవి మరమ్మతవుతున్నందువల్ల ఆ నొప్పి. రెండు మూడు రోజులలో తగ్గుతుంది. వారానికి ఐదుసార్లు లేచింది. నెలకు పది. కోపం వచ్చిన రోజులున్నాయి, “నన్ను చంపుతున్నారు” అని ఏడ్చిన రోజులున్నాయి. మంచం మీద ఉంచిన ప్రేమకంటె మంచం దించిన ప్రేమ కష్టమని ఆ రోజులలోనే తెలిసింది.

ఈ నెల మీ ఇంటిలో

1. ఇంట్లో పెద్దవారుంటే, కుర్చీ నుండి చేతి ఊతం లేకుండా లేవగలరో లేదో చూడండి. లేవగలిగితే రోజూ పదిసార్లు లేచి కూర్చోమనండి. లేవలేకపోతే పక్కన నిలబడి రెండుసార్లతో మొదలుపెట్టండి. గుండెజబ్బు, విరిగిన ఎముక, కళ్లు తిరగడం ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి.

2. జ్వరం తగ్గిన మనిషిని మంచానికి కట్టిపడేయకండి. వైద్యుడు వద్దంటే తప్ప, మంచం మీద నుండి కుర్చీకి, కుర్చీ నుండి గుమ్మానికి రోజూ నడిపించండి.

3. ముసలివారి పళ్లెంలో ఒక గుడ్డో, చిక్కని పప్పో, చేప ముక్కో, ఉలవచారో ఏ పూటా లేకుండా చూడకండి. పళ్లు లేకపోతే మెదిపి పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎంత పెట్టాలో వైద్యుడే చెప్పాలి.

4. గాయమైన రోజునే సబ్బుతో కడిగి, ధనుర్వాతం సూది సంగతి ఆరోగ్య కేంద్రంలో అడగండి.

5. కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము 17:8–13, కీర్తనలు 139:13–16 చదవండి. ఇంట్లో ఎవరి చేతులు వాలుతున్నాయో, ఎవరు రాయి వేయాలో, ఎవరు ఏ పట్టు విడవవలసి ఉన్నదో ఒకరితో ఒకరు మాట్లాడుకోండి. విడవడం చేతకాకపోతే, అందుకు కావలసిన శక్తి కూడా అడిగి పుచ్చుకోవలసినదే అని జ్ఞాపకముంచుకోండి.

మూడు నెలలు దాటాక ఒక ఆదివారం ఉదయం అమ్మ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెరో పక్కా పట్టుకోబోయాం. “ఒకరు చాలు” అంది. గుడి మెట్ల దగ్గర ఆ ఒక్క చెయ్యి కూడా విడిపించుకుని, గోడ పట్టుకుని, మూడు మెట్లు తానే ఎక్కింది. మేము వెనుక నిలబడ్డాం, పడితే పట్టుకునేంత దూరంలో.